టీకా కూడా పాలవంటిదే: విరిగితే పనికిరాదు

సమాఖ్య పనిమీద హైదరాబాదు వచ్చే మన సంఘాల సభ్యులలో చాలామంది నాంపల్లి స్టేషనులో రైలు దిగుతారు. దిగగానే స్టేషను ఎదుట ఒక చాయ్ తాగి, అబిడ్స్ వైపుగాని, లక్డీకాపూల్ వైపుగాని నడక సాగిస్తారు. ఆ చాయ్‌లో కలిసిన పాలు మన సభ్యులలో ఎవరి ఇంటి గేదె ఇచ్చినవో కూడా కావచ్చు. ఆ గ్లాసు చేతిలో ఉండగా ఒక ప్రశ్న వేసుకుందాము. పాలు తెల్లగా ఎందుకుంటాయి?

పాలలో నీటి భాగమే ఎక్కువ. ఆ నీటిలో వెన్న బొట్లు, కేసిన్ అనే మాంసకృత్తి గుళికలు కంటికి కనబడనంత సన్నగా తేలుతూ ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు నలుదిక్కులకు చెదరిపోవడం వలన పాలు మనకు తెల్లగా కనబడతాయి. పాలు విరిగినప్పుడు ఏమి జరుగుతున్నది? నీరు అక్కడే ఉన్నది, వెన్న అక్కడే ఉన్నది, కేసిన్ కూడా అక్కడే ఉన్నది. ఒక్క చుక్క పదార్థం ఎటూ పోలేదు. అయినా వాటిని పాలు అనము. పాల కేంద్రంలో తీసుకోరు. పోయినది పదార్థం కాదు, దాని కూర్పు.

మన పశువులకు వేసే గాలికుంటు టీకా విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎందరో రైతులు టీకా వేయించి కూడా పశువులను పోగొట్టుకున్నారు. టీకా అంటే ఏమిటి, అది పశువు ఒంటిలో ఎలా పనిచేస్తుంది, శాస్త్రజ్ఞులు ఇప్పుడు నానో కణాల పేరుతో దానిని ఎలా మెరుగుపరుస్తున్నారు, అందులో మన సంఘం వంతు పని ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాము.

నానో కణం అంటే ఎంత?

ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. పాలలోని వెన్న బొట్టు మూడు నాలుగు వేల నానోమీటర్లు. కేసిన్ గుళిక సుమారు 150 నానోమీటర్లు. గాలికుంటు వైరస్ 30 నానోమీటర్లకు మించదు. అంటే ఒక వెన్న బొట్టు పక్కన గాలికుంటు వైరస్‌ను పెడితే గుమ్మడికాయ పక్కన ఆవగింజను పెట్టినట్లు ఉంటుంది.

కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని వందల నానోమీటర్ల వరకు ఉండే కణాలను నానో కణాలంటారు. పేరు కొత్తదే గాని వస్తువు కొత్తది కాదు. తరతరాలుగా మనం చెంబులతో పితుకుతున్న కేసిన్ కూడా నానో కణమే.

గాలికుంటు వైరస్ గుల్ల

1898లో జర్మనీ శాస్త్రజ్ఞులు లోఫ్లర్, ఫ్రాష్ అనేవారు గాలికుంటు వచ్చిన పశువు పొక్కులలోని రసాన్ని, సూక్ష్మజీవులను పట్టివేసే సన్నని వడపోత గుండా పంపారు. వడకట్టిన రసంతో కూడ దూడలకు రోగం అంటుకున్నది. సూక్ష్మజీవుల కంటె చిన్నదేదో ఇందులో ఉన్నదని అప్పుడు తేలింది. పశువులలో మొట్టమొదట గుర్తించిన వైరస్ ఇదే.

ఈ వైరస్ కట్టడం చూడ ముచ్చటగా ఉంటుంది. లోపల రోగం కలిగించే సరుకు, పైన మాంసకృత్తులతో అల్లిన గుండ్రని గుల్ల. ఆ గుల్లలో ఒకే తీరు భాగాలు 60 ఉంటాయి. అవి అయిదేసి చొప్పున కలిసి 12 పలకలుగా ఏర్పడతాయి. ఆ 12 పలకలు ఒకదానికొకటి అతుక్కుంటే గుల్ల పూర్తి అవుతుంది.

అయితే ఆ అతుకులు గట్టివి కావు. వేడి తగిలితే ఊడిపోతాయి. కొద్దిపాటి పులుపు తగిలినా ఊడిపోతాయి. పాలు విరిగినట్లే గుల్ల 12 ముక్కలుగా విడిపోతుంది. రోగం వచ్చిన కొట్టాన్ని 4 శాతం బట్టల సోడా నీళ్ళతో కడగమని చెప్పడం కూడా ఈ వైరస్ సున్నితమైనది గనుకనే. కొట్టంలో ఈ బలహీనత మనకు లాభం. టీకా సీసాలో అదే మనకు నష్టం.

ఎందుకంటే గాలికుంటు టీకా అనగా ఆ వైరస్సే. దానిని పెద్ద పెద్ద ఉక్కు పాత్రలలో, జీవకణాల మీద పెంచుతారు. తరువాత మందు కలిపి చంపివేస్తారు. గుల్ల చెదరకుండా ప్రాణం మాత్రం తీయడమే ఆ విద్య. చచ్చిన వైరస్ రోగం తేలేదు. గుల్ల చెక్కుచెదరకుండా ఉన్నది గనుక పశువు శరీరం దానిని చూసి శత్రువు ముఖం గుర్తు పెట్టుకుంటుంది. గుల్ల ముక్కలైతే, ఆ ముక్కలు సీసాలో ఎన్ని ఉన్నా పశువుకు కలిగే రక్షణ చాలా తక్కువ.

నేను చేసిన పొరపాటు

ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను పశువైద్యునిగా కొత్తగా చేరిన రోజులు. వేసవిలో ఒక గ్రామంలో టీకాల కార్యక్రమం పెట్టుకున్నాము. తెచ్చిన ఐసు పది గంటలకే కరిగిపోయింది. ఇంకా సగం ఊరు మిగిలి ఉన్నది. మళ్ళీ ఐసుకు పోతే పూట గడిచిపోతుందని, సీసాలను సంచిలో వేసుకుని మోటారు సైకిలుకు తగిలించి ఎండలోనే ఇల్లిల్లూ తిరిగి మధ్యాహ్నానికి పని ముగించాను. రిజిస్టరులో అన్ని పశువులకూ టీకా వేసినట్లు రాసుకున్నాను. అబద్ధం కాదు, వేశాను.

మూడు నెలలు తిరగకుండానే ఆ ఊరికి గాలికుంటు వచ్చింది. మొదట మేము తిరిగిన వాడలో కొద్దిగానే కనబడింది. ఎండలో తిరిగిన వాడలో మాత్రం దాదాపు ప్రతి కొట్టంలోనూ చొంగ కారుస్తూ, కుంటుతూ పశువులు నిలబడ్డాయి. రెండు గేదెల మీద బతికే ఒక అవ్వ నన్ను చూసి, “సూది ఏసి పోయినవ్ గద బిడ్డా, మళ్ల ఎట్లొచ్చింది రోగం?” అని అడిగింది. తిట్టలేదు, అరవలేదు. ఆమె గేదెలలో ఒకటి తరువాత ఎదకు రానేలేదు. ఆ రోజు ఆమెకు చెప్పవలసిన జవాబే నేడు ఇక్కడ రాస్తున్నాను.

శరీరం టీకాను ఎలా గుర్తిస్తుంది?

కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కడుతుందని మనందరికీ తెలుసు. ఆ బిళ్ళ లింఫు గ్రంథి. ఇటువంటి గ్రంథులు మనిషికీ పశువుకూ ఒంటిలో పలుచోట్ల ఉన్నాయి. వీటిని మన పాల కేంద్రంతో పోల్చవచ్చు. ఊరిలోని ప్రతి ఇంటి పాలు కేంద్రానికి చేరినట్లే ఒంటిలోని నలుమూలల నుంచి సన్నని కాల్వల గుండా రసం లింఫు గ్రంథికి చేరుతుంది. అక్కడ పరీక్ష జరుగుతుంది. పరాయి వస్తువు కనబడితే దానిని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారు చేయమని ఆజ్ఞ బయలుదేరుతుంది. ఈ పరీక్షలో టీకా నెగ్గాలంటే మూడు విషయాలు ముఖ్యం.

మొదటిది పరిమాణం. అయిదో పదో నానోమీటర్లు ఉండే విడి మాంసకృత్తి తొందరగా రక్తంలోకి జారిపోతుంది. 500 నానోమీటర్లు దాటిన పెద్ద కణం సూది వేసిన చోటనే చిక్కుకుని, ఎవరైనా మోసుకుపోయే దాకా ఆగుతుంది. సుమారు 20 నుంచి 200 నానోమీటర్ల కణమైతే కాల్వ వెంట తనంతట తానే గ్రంథికి చేరుతుంది. నానో కణాలపై శాస్త్రజ్ఞులకు ఇంత మక్కువ కలగడానికి మొదటి కారణం ఇదే.

రెండవది వరుస. ప్రతిరక్షకాలను తయారు చేసే బి కణాల ఒంటినిండా కొక్కేల వంటివి ఉంటాయి. ఒక్క కొక్కేనికి ఏదో తగిలితే అవి అంతగా పట్టించుకోవు. పక్కపక్కనున్న కొక్కేలన్నీ ఒకేసారి లాగబడితే మేల్కొంటాయి. వైరస్ గుల్ల మీద ఒకే గుర్తు 60 సార్లు, ఒకే ఎడంతో వరుసగా ఉంటుంది. విడి ముక్కకు ఆ బలం లేదు. విడివిడిగా పాలు అమ్ముకున్న రైతు మాట ఎవరు విన్నారు? అరవై మంది కలిసి సంఘం పెట్టుకుంటే ఎవరు వినలేదు? సహకారం విలువ మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

మూడవది హెచ్చరిక. కొత్త వస్తువు వచ్చినంత మాత్రాన శరీరం కంగారు పడదు. అక్కడ కొంచెం అలజడి కూడ కనబడాలి. దీనిని కనిపెట్టినవాడు పశువైద్యుడు కావడం మనకు గర్వకారణం. ఫ్రాన్సులో పాస్చర్ సంస్థలో పనిచేసిన గాస్టన్ రామన్, టీకా మందు వేసిన గుర్రాలలో సూది చోట వాపు వచ్చిన వాటికే రక్షణ ఎక్కువగా కలుగుతున్నదని 1920ల నడుమ గమనించాడు. అలజడిని తానే కలిగించి చూద్దామని టీకాలో కర్రపెండలం పిండి కలిపి వేశాడు. ఫలితం బాగున్నది. 1926లో ఇంగ్లండులో గ్లెన్నీ పటిక జాతి లవణంతో ఇదే పని సాధించాడు. ఇలా టీకాకు తోడుగా కలిపే వస్తువును సహాయక ద్రవ్యం అనవచ్చు. మన గాలికుంటు టీకాలో సహాయక ద్రవ్యం నూనె. టీకా మందు నూనెలో సన్నని బొట్లుగా చిలకబడి ఉంటుంది. అందుకే ఆ టీకా పాలవలె తెల్లగా కనబడుతుంది. నూనె బొట్ల నుంచి మందు కొద్దికొద్దిగా విడుదలవుతూ చాలాకాలం పనిచేస్తుంది.

నాంపల్లి చుట్టుపక్కల ఇదే కథ

ఈ మూడు విషయాలు హైదరాబాదుకు కొత్త కావు. అబిడ్స్ నుంచి కాస్త దూరాన నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉన్నది. ఒకప్పుడు కుక్క కరిచినవారు అక్కడికి సూదులకోసం బారులు తీరేవారు. ఆ రోజుల్లో పిచ్చికుక్క కాటు టీకా గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. వైరస్‌తో పాటు మెదడు పదార్థం కూడ సూదిలో ఉండేది. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకోవలసి వచ్చేది. కొందరికి నరాల జబ్బులు కూడ వచ్చేవి. 2004 చివర మన దేశంలో ఆ రకం టీకా ఆగిపోయింది. ఇప్పుడు జీవకణాల మీద పెంచి శుభ్రపరచిన వైరస్ కణాలతో చేసిన టీకా వేస్తున్నారు. నాలుగైదు మార్లు చేతికి వేస్తే చాలును. వైరస్ అదే. చెత్త తీసివేసి కణాన్ని శుభ్రంగా నిలిపారు.

నాంపల్లి పక్కనే రెడ్ హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉన్నది. ప్రభుత్వ కార్యక్రమం కింద పుట్టిన 24 గంటలలోపు పసిపిల్లకు వేసే టీకాలలో ఒకటి హెపటైటిస్-బి, అనగా కామెర్లు తెచ్చే ఒక వైరస్‌కు విరుగుడు. ఇందులో వైరస్ లేనే లేదు. దాని పైపొర మాంసకృత్తిని ఈస్టు కణాలచేత తయారు చేయిస్తారు. ఆ మాంసకృత్తి తనంత తానుగా కలిసి 22 నానోమీటర్ల గోళీలుగా ఏర్పడుతుంది. లోపల రోగం సరుకు లేదు, పైరూపం మాత్రం ఉన్నది. ఈ టీకాను మొదటిసారిగా మన దేశంలోనే తయారు చేసినది హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ. 1997లో అది బజారులోకి వచ్చింది. దిగుమతి టీకా కంటె ఎంతో చవకగా లభించడం వలన పేదల ఇండ్లకు చేరింది. నానో కణ టీకా అంటే ఎక్కడో ఉన్నది కాదు. మన మనుమల తొడలలో ఇప్పటికే పడినదే.

కరోనా కాలంలో కూడ హైదరాబాదులో రెండు దారులు కనబడ్డాయి. భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్ చచ్చిన పూర్తి వైరస్, సుమారు 100 నానోమీటర్ల కణం. 1953 నుంచి ఉన్న బయొలాజికల్ ఇ వారి కోర్బెవాక్స్‌లో వైరస్ ముల్లు చివరి చిన్న ముక్క మాత్రమే ఉన్నది. చిన్న ముక్క శరీరాన్ని అంతగా మేల్కొలపదు గనుక దానికి ఒకటి కాదు, రెండు సహాయక ద్రవ్యాలు కలపవలసి వచ్చింది. పైన చెప్పిన మూడు విషయాల లెక్క ఇక్కడ కూడ అదే.

ఇక పశువుల విషయం. నాంపల్లికి దగ్గరలోనే శాంతినగర్‌లో రాష్ట్ర ప్రభుత్వపు పశువుల టీకాల తయారీ సంస్థ ఉన్నది. గొంతువాపు, జబ్బవాపు వంటి రోగాలకు టీకాలు అక్కడ తయారవుతాయి. పసిపిల్లల ఆసుపత్రి ఒకవైపు, పశువుల టీకా సంస్థ మరొకవైపు. మధ్య దూరం స్వల్పమే. రెండుచోట్లా విద్య ఒక్కటే.

పాల సంఘాలవారు టీకా ఫ్యాక్టరీ ఎందుకు పెట్టారు?

1970లో క్షీర విప్లవం మొదలైన తరువాత గ్రామాలలో సంకరజాతి ఆవులు పెరిగాయి. పాలు పెరిగాయి. దానితో పాటు గాలికుంటు వలన నష్టమూ పెరిగింది. నాటు పశువు కంటె సంకరజాతి ఆవుకు ఈ రోగం తీవ్రంగా వస్తుంది. పాలు సగానికి సగం పడిపోవడం, పొదుగువాపు, ఎగపోత, ఎదకు రాకపోవడం, గుండె దెబ్బతిని లేగదూడలు హఠాత్తుగా చనిపోవడం మనం చూస్తున్నదే. అందువలన జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, రైతుకు అందుబాటు ధరలో టీకా దొరకాలని 1982లో హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునొలాజికల్స్‌ను స్థాపించింది. పాడి రైతుల కోసం ఏర్పడిన సంస్థ టీకా పరిశ్రమకు పూనుకోవడం వెనుక కారణం ఇదే. టీకా లేనిదే పాలు లేవు.

2019 సెప్టెంబరు 11న మధురలో జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. గాలికుంటును 2030 నాటికి నిర్మూలించాలన్నది ఆశయం. ఆరు నెలలకొకసారి టీకా ఉచితంగా వేస్తారు. అందులో ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాల వైరస్‌ల గుల్లలు ఉంటాయి. ఒక రకానికి కలిగిన రక్షణ మరొక రకానికి పనికిరాదు. అందుకే మూడింటినీ కలుపుతారు.

రాబోయే టీకాలు

ఇంతకాలం ప్రకృతి ఇచ్చిన గుల్లను కాపాడుకోవడమే పని. ఇప్పుడు శాస్త్రజ్ఞులు గుల్లను తామే కడుతున్నారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు కంప్యూటరు మీద లెక్కలు వేసి ఒక మాంసకృత్తి బంతిని రూపొందించారు. దానిమీద కరోనా ముల్లు ముక్కను 60 చోట్ల వరుసగా అమర్చారు. ఆ టీకాను 2022లో దక్షిణ కొరియా ఆమోదించింది. మన పూనాలో తయారవుతున్న ఆర్-21 మలేరియా టీకాలో, పైన చెప్పిన హెపటైటిస్ గోళీకే మలేరియా ముక్కలు తగిలించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దానిని సిఫారసు చేసింది. 1897లో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియాను కనిపెట్టిన నాటినుంచి ఎదురుచూసిన పని అది.

మనకు మరింత దగ్గరి వార్త ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి పిర్‌బ్రైట్ పశు పరిశోధన సంస్థవారు, ఆక్స్‌ఫర్డ్‌వారు కలిసి గాలికుంటు వైరస్ ఖాళీ గుల్లను తయారు చేసి 2013లో ప్రకటించారు. లోపల రోగం సరుకు లేదు గనుక ఫ్యాక్టరీ నుంచి వైరస్ తప్పించుకునే భయం లేదు. ఇంకొక విశేషం ఉన్నది. గుల్లలోని 12 పలకలు ఊడిపోతాయని చెప్పుకున్నాము గదా. ఆ అతుకుల దగ్గర మాంసకృత్తిలో ఒక చిన్న మార్పు చేసి, పలకకూ పలకకూ మధ్య గొళ్ళెం వేసినట్లు బిగించారు. అలా బిగించిన గుల్ల మామూలు గుల్లకంటె వేడికీ పులుపుకూ బాగా తట్టుకున్నది. పశువులలో రక్షణ కూడ కలిగించింది.

ఇటువంటి టీకా మన గ్రామాల కార్యక్రమంలోకి ఇంకా రాలేదు. కోట్ల మోతాదులు, రైతుకు భారం కాని ధరలో తయారు కావాలి. అంతదాకా గొళ్ళెం పని మన ఐసుపెట్టె చేయాలి.

సభ్యులు అడిగే ప్రశ్నలు

“టీకా వేస్తే పాలు తగ్గుతాయట గదా?” ఒకటి రెండు రోజులు కొద్దిగా తగ్గవచ్చు. ఒళ్ళు కొంచెం వెచ్చబడవచ్చు. శరీరం లోపల పని జరుగుతున్నదనడానికి అది గుర్తు. తరువాత మళ్ళీ మామూలు అవుతాయి. రోగం వస్తే పోయే పాలు ఆ ఈతలో తిరిగి రావు.

“సూది వేసినచోట గడ్డ కట్టింది, చీము పడుతుందా?” నూనె టీకాకు చిన్న గడ్డ కట్టడం సహజం. కొన్నాళ్ళకు కరుగుతుంది. సూది శుభ్రంగా లేకపోతే మాత్రం చీము పడుతుంది.

“టీకా వేసిన పశువు పాలు తాగవచ్చా, పోయవచ్చా?” తాగవచ్చు, పోయవచ్చు. టీకాలోని వైరస్ చచ్చినదే.

“టీకా వేసిన వారానికే రోగం వచ్చింది, టీకా వలననే గదా?” కాదు. రక్షణ పూర్తిగా కలగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికే ఊరిలో రోగం తిరుగుతూ ఉండి ఉంటుంది. అందుకే రోగం రాకముందే వేయించాలి.

సంఘం చేయవలసిన పనులు

1. టీకా సీసాలు ఫ్యాక్టరీ నుంచి పశువు కండ దాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. కార్యక్రమం రోజున ఐసుపెట్టె, అందులో ఒక థర్మామీటరు సంఘం తరఫున సిద్ధంగా ఉంచాలి.

2. గడ్డకట్టించరాదు. గడ్డకట్టి కరిగిన నూనె టీకా విరిగిన పాలతో సమానం. సీసాలు ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డగాని, కాగితంగాని ఉంచాలి. ఫ్రిజ్ పైభాగంలోని ఐసు అరలో పెట్టరాదు.

3. టీకాలు ఉదయం పూట వేయించాలి. ఐసు కరిగితే పని ఆపి మళ్ళీ ఐసు తెప్పించాలి. పూట గడిచిపోతుందని తొందరపడరాదు. నేను పడ్డాను.

4. సీసాను మెల్లగా కదిపి వాడాలి. నూనె, నీరు వేరుపడి కనబడితే ఆ సీసా వద్దని చెప్పే హక్కు సభ్యునికి ఉన్నది. తెరచిన సీసాను ఆ పూటే ముగించాలి.

5. పశువుకొక సూది వాడాలి.

6. దూడకు నాలుగవ నెల నిండగానే మొదటి టీకా, నెల తరువాత రెండవది, ఆపైన ఆరు నెలలకొకసారి వేయించాలి. రెండవది మానితే మొదటిది వృథా అయినట్లే.

7. ఊరిలో నూటికి 80కి తక్కువ కాకుండా పశువులకు ఒకే విడతలో టీకా పడాలి. ఒక ఇల్లు మానితే ఆ ఇంటి నుంచి రోగం ఊరంతా పాకుతుంది. సంఘంలో పాలు పోయనివారి పశువులను కూడ కలుపుకుని పోవాలి.

8. చెవిపోగులోని 12 అంకెల నంబరు, టీకా తేదీ రాయించుకోవాలి. నిండు చూడి పశువులు, జబ్బుతో ఉన్న పశువుల విషయం డాక్టరు గారిని అడిగి వేయించాలి.

చివరి మాట

పాలను చల్లగా ఉంచి, విరగకుండా పట్నం చేర్చడంలో మన సంఘాలకు సాటి లేదు. పొద్దున పితికిన పాలు చెడకుండా నాంపల్లి, అబిడ్స్ హోటళ్ళ దాకా వస్తున్నాయంటే అది మన సభ్యుల క్రమశిక్షణ. పాలు ఊరి నుంచి పట్నానికి వస్తాయి, టీకా పట్నం నుంచి ఊరికి పోతుంది. దారి ఒక్కటే, జాగ్రత్త ఒక్కటే. శాస్త్రజ్ఞుడు నానో కణాన్ని ఎంత నేర్పుగా తీర్చినా, చివరి పది కిలోమీటర్ల ఎండలో దానిని కాపాడవలసినవారము మనమే.

ఈసారి అబిడ్స్ వచ్చినప్పుడు ఇంటికి కావలసినవి కొనుక్కోవడంతో పాటు సంఘానికి మంచి ఐసుపెట్టె ఒకటి, థర్మామీటరు ఒకటి చూడండి. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ ఖర్చును అజెండాలో చేర్చండి. ఒక గేదె ఒక నెల ఇచ్చే పాల విలువ కంటె అది తక్కువే అవుతుంది. ఏ అవ్వా మిమ్మల్ని ఆ ప్రశ్న అడగవలసిన అవసరం రాకూడదు.